ఆంద్రేయి టూపొలేవు
(విశాఖతీరమున నిలిచిన మహావిమానముయొక్క శిల్పి)

విశాఖపట్టణమునకుఁ బోయి సముద్రతీరపు రాజమార్గమున నడచినవారు రెండు వింతలను జూచియే యుందురు. మార్గమునకు సముద్రమువైపునఁ గుర్సురా యను జలాంతర్గామినౌక యిసుకపై నిలిచియున్నది. అది 1969వ సంవత్సరము మొదలు 2001వ సంవత్సరమువఱకు మన నౌకాదళమున సేవచేసి, 2002లోఁ బ్రదర్శనశాలగా మార్పఁబడినది. దాని కెదురుగ, మార్గమునకు రెండవవైపున, టీయూ-142 అను మహావిమానము ఱెక్కలు చాఁచి నిలిచియున్నది. దాని పొడవు సుమారు 53 మీటర్లు. అనఁగా మన గోదావరి పడవవాండ్ర లెక్కలో 29 బారలు. ఱెక్కల కొననుండి కొనకు 50 మీటర్లు. నాలుగింజనులును, ఇంజను కొక్కంటికి ముందు వెనుకలుగ రెండేసి ప్రొపెల్లరులును గలవు. ఆ రెండును ఒకటి కుడికిని, ఒకటి యెడమకును దిరుగునట్లు కూర్పఁబడినవి. జలాంతర్గాములను వెదకుటకుఁ బుట్టిన విమానమును, జలాంతర్గామియు నిట్లు ఎదురెదురుగ నిలిచి, వేఁటకాఁడును మృగమును ఒకే చెట్టునీడను విశ్రమించినట్లు కానవచ్చును.

మేము మా విద్యార్థులతో నా విమానములోనికిఁ బోయి చూచినప్పుడు, పిల్లలు దాని పొడవెంత, వేగమెంత, బరువెంత యని యడిగిరి. వాని కన్నిటికిని సమాధానములు సులభముగ దొరకినవి. ఒక చిన్నవాఁడు మాత్రము దీనిని చేసినవాఁ డెవ్వఁడని యడిగెను. ఆ ప్రశ్నకు మేము పేరొకటి చెప్పఁగలిగితిమి గాని, అంతకు మించి చెప్పలేకపోతిమి. ఆ లోపమును దీర్చుకొనుటకే యీ చరిత్రమును మా పత్రికకు వ్రాయుచున్నాము. యంత్రమును జూచి, దాని వెనుకనున్న మనుష్యుని జూడకుండుట సగము చూచుటయే యగును. ఈ మనుష్యుని కథలోనో, మనము నేర్చుకొనవలసినదియుఁ గలదు. మనలను గలఁతపెట్టునదియుఁ గలదు.

ఆంద్రేయి నికొలాయెవిచ్ టూపొలేవు 1888వ సంవత్సరము నవంబరు 10వ తేదీని రష్యా దేశమునఁ ద్వేరు మండలములో, ఓల్గానదీ తీరమునందలి కిమ్రీ పట్టణమునకు సమీపమునఁ బుస్తొమాజొవో యను కుగ్రామమున జన్మించెను. ఏడుగురు బిడ్డలలో నితఁ డాఱవవాఁడు. తండ్రి దస్తావేజులు వ్రాసి ధ్రువపఱచు నుద్యోగి, సంపన్నుఁడు గాఁడు. ఆ కుటుంబమునకుఁ గొలఁది భూమి యుండెను. గ్రామమున దొరకు కొయ్యతోఁ బిల్లలు తమ యాటవస్తువులను తామే చేసికొనుట యచ్చటి వాడుక. చేతితోఁ జేసినదానినే నమ్మవలెనను స్వభావ మితనికిఁ జిన్ననాఁడే యలవడెను.

ద్వేరులో ఉన్నతపాఠశాల విద్య ముగించి, 1908లో నితఁడు మాస్కోలోని సాంకేతిక కళాశాలను బ్రవేశించెను. అక్కడ నికొలాయి జుకోవ్‌స్కీ యను పండితుఁడు గాలియొక్క గతులను గణితముతోఁ గొలుచు శాస్త్రమును బోధించుచుండెను. రైటు సోదరులు 1903లో మొదటి విమానము నెగిరించి యప్పటి కైదేండ్లు మాత్రమే గడచెను. ప్రపంచమున నెక్కువమంది విమానమును సంతలోని గారడీగ నెంచుచున్న కాలమున, జుకోవ్‌స్కీ దానిని శాస్త్రముగ నెంచెను. టూపొలేవు ఆ గురువు చుట్టును జేరిన విద్యార్థిబృందములోఁ గలసి, గాలిని గొట్టములోనుండి వీచునట్లు చేసి చిన్న నమూనాలను బరీక్షించు యంత్రమును నిర్మించుటలోఁ బాల్గొనెను. తోడివిద్యార్థులతోఁ గలసి ఇంజను లేని తేలియాడు విమానము నొకదానిని గట్టి, 1910లో దానిపైఁ దానే యెగిరెను.

ఆ మఱుసటి సంవత్సరమే యితనికి మొదటి చెఱ ప్రాప్తించెను. చక్రవర్తి ప్రభుత్వమునకు వ్యతిరేకముగ విద్యార్థులు జరుపుచున్న యాందోళనములోఁ బాలుపంచుకొనెనని 1911లో నితనిని బట్టుకొని, మాస్కోనుండి వెడలఁగొట్టిరి. ఆ సంవత్సరమే తండ్రియు గతించెను. యువకుఁడు స్వగ్రామమునకుఁ బోయి, పుస్తకములు ప్రక్కనుబెట్టి, కొంతకాలము సేద్యము చూచుకొనుచుండెను. చదువు నడుమ నాగిపోయిన మన గ్రామములలోని బాలురు ఈ సంగతిని మఱువకుందురు గాక. టూపొలేవు మరలఁ గళాశాలకు వచ్చి 1918లోఁ బట్టమును బొందెను. అప్పటికి ముప్పది యేండ్లవాఁ డయ్యెను. ఆలస్యము చేటు గాలేదు.

ఆ 1918వ సంవత్సరముననే, విప్లవానంతరము దేశమంతయు నాఁకలితోను, అంతర్యుద్ధముతోను దల్లడిల్లుచుండఁగా, జుకోవ్‌స్కీయు, అతని శిష్యులును గలసి మాస్కోలోఁ గేంద్ర వాయుగతిశాస్త్ర పరిశోధనాలయమును స్థాపించిరి. 1921లో గురువు గతించెను. విమాననిర్మాణపు భారము శిష్యునిపైఁ బడెను.

ఇక్కడ నొక సాంకేతిక విషయమును జెప్పవలెను. ఆ కాలపు విమానము లెక్కువగఁ గొయ్యతోను, గుడ్డతోను జేయఁబడుచుండెను. కొయ్య వానకుఁ దడియును, ఎండకుఁ బగులును, పురుగుపట్టును. టూపొలేవు లోహమే భావికాలపు వస్తువని నిశ్చయించుకొనెను. అల్యూమినియమునకు రాగి మొదలగునవి కొలఁదిగఁ జేర్చినచోఁ దేలికయు, గట్టిదనమును గల మిశ్రలోహ మేర్పడును. అట్టిదానిని 1922 ప్రాంతములఁ గొల్‌చూగినో యను పట్టణమున రష్యనులు స్వయముగఁ దయారుచేయ నారంభించిరి. అయినను బలుచని రేకు వంగిపోవును గదా! అందులకు రేకును ముడతలు ముడతలుగ నొత్తిరి. మన తాటియాకును జూడుఁడు. ఆకు పలుచనిదే, కాని సహజమైన మడతలుండుటచేత నది వ్రాలక నిలుచును, విసనకఱ్ఱగాఁ బనిచేయును. ఆ మడతలను సాఫుచేసితిమా, వెంటనే వ్రేలాడిపోవును. ఆ సూత్రమే యీ విమానముల చర్మమునకు బలము నిచ్చెను.

ఇతని మొదటి విమానము, కొయ్యయు లోహమును గలిసినది, 1923లో నెగిరెను. 1924లో నెగిరిన రెండవది పూర్తిగ లోహమయము. 1925లో రెండింజనుల లోహవిమానమును, 1930లో నాలుగింజనుల మహావిమానమును నెగిరెను. రెండింజనుల రకములో నొకటి 1929లో మాస్కోనుండి సైబీరియా మీఁదుగ న్యూయార్కు చేరెను. 1934లో మాక్సిం గోర్కీ యను నెనిమిదింజనుల విమానము నిర్మితమయ్యెను. అది 1935 మే 18వ తేదీని ప్రక్కన విన్యాసములు చేయుచున్న చిన్నవిమానము తగిలి కూలి, అందున్న వారందఱును మరణించిరి. విమానశిల్పి జీవితమున జయమును శోకమును ఇంత దగ్గఱగ నుండును.

1937వ సంవత్సరము ఇతని జీవితములోఁ బర్వతశిఖరమువంటిది; అగాధమువంటిదియు నదియే. ఆ జూను నెలలోఁ జ్‌కాలోవు, బైదుకోవు, బెల్యకోవు అను మువ్వురు వైమానికులు ఏఎన్‌టీ-25 అను నొంటియింజను విమానమున మాస్కోలో బయలుదేఱి, ఉత్తరధ్రువముమీఁదుగ 63 గంటలకుఁ బైగా నెచ్చటను దిగక యెగిరి, అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున వాంకూవరు పట్టణమున దిగిరి. జూలైలో గ్రోమోవును, అతని సహచరులును అట్టి విమానముననే కాలిఫోర్నియా చేరి 10,148 కిలోమీటర్ల ప్రపంచరికార్డును స్థాపించిరి. ఆ విమానము టూపొలేవు కార్యాలయమున, సుఖోయి యను సహాయకుని పర్యవేక్షణలో రూపొందినది. దేశమంతయు వైమానికులకుఁ బూలదండలు వేసెను.

ఆ పూలు వాడక మునుపే, అక్టోబరు 21వ తేదీని టూపొలేవు బంధింపఁబడెను. విదేశములకు గూఢచారియనియు, దేశమునకు ద్రోహియనియు నేరము మోపిరి. స్టాలిను పాలనలో నాఁడు నిర్దోషు లెందఱో యిట్లే కాల్పఁబడిరి. ఎందఱో మంచుదేశపు శిబిరములలో నశించిరి. ఇతని భార్యయు బంధింపఁబడెను. పదునేడేండ్ల కొమార్తెయు, పండ్రెండేండ్ల కొమారుఁడును దల్లిదండ్రులు లేనివారైరి. ఈ యభియోగములలో సత్యము లేదని ప్రభుత్వమే 1955లో నొప్పుకొనెను. అనఁగాఁ బదునెనిమిది సంవత్సరములు ఈ మచ్చ యతని పేరుమీఁద నుండెనన్నమాట.

బైబిలు పాఠములలో యోసేపు చరిత్రమును జదివిన మా విద్యార్థులకు, నిర్దోషి యైనవాఁడు చెఱసాలలోనుండియే రాజ్యకార్యములు చక్కఁబెట్టుట వింతగాఁ దోఁచదు. టూపొలేవునకును అట్టిదే సంభవించెను. విమానశిల్పులందఱును జెఱసాలలలో నుండఁగా విమానములు గీయువాఁ డెవ్వఁడును లేకపోయెను. అందుచేత నధికారులు చెఱసాలలోనే యొక నిర్మాణకార్యాలయమును దెఱచిరి. మొదట మాస్కో సమీపమున బొల్షెవోలోను, తరువాత మాస్కో నగరముననే టూపొలేవు పూర్వము స్వేచ్ఛగాఁ బనిచేసిన సంస్థ భవనములోను ఖైదీల నుంచిరి. తాను గట్టించిన యింటిలోనే తాను బందీ యయ్యెను. కిటికీలకుఁ గమ్ములు, ద్వారములయందుఁ గావలివాండ్రు, వ్యాయామమునకు మేడపైఁ గమ్ములతోఁ జేసిన పంజరము. పగలు పటములు గీయుట, రాత్రి తాళములలో నిద్రించుట వారి దినచర్య.

పని యారంభమైనప్పుడు, అవసరమైన నిపుణుల పట్టికను వ్రాసి యిమ్మని యధికారు లతని నడిగిరి. ఆ తోడిఖైదీలు తరువాతి కాలమున వ్రాసిన జ్ఞాపకములనుబట్టి, టూపొలేవు మొదట సంకోచించెను. ఎవరి పేరు వ్రాసిన నెవరు క్రొత్తగఁ బట్టుకొనఁబడుదురో యని యతని భయము. అందుచేత నప్పటికే బంధింపఁబడిరని తనకుఁ దెలిసినవారి పేరులనే వ్రాసెను. ఆ పట్టిక పెక్కుమందిని శిబిరములనుండి రప్పించి బ్రదికించెను. దూరపు గనులలో నాఁకలితోఁ గృశించి, పండ్లూడి, 1940లో నీ కార్యాలయమునకుఁ జేరిన వారిలో సెర్గేయి కొరొల్యోవు ఒకఁడు. అతఁడు కళాశాలలో టూపొలేవు శిష్యుఁడు. తరువాత 1957లో మొదటి కృత్రిమోపగ్రహమును, 1961లో గగారినును అంతరిక్షమునకుఁ బంపినవాఁ డతఁడే. ఒక పట్టికలో నొక పేరు వ్రాయుటకును వ్రాయకుండుటకును నడుమ నెంత భేదమో చూడుఁడు. కలము పట్టినవాని ధర్మ మిదియే. సత్యమైన పేరును వ్రాయవలెను, నిరపరాధిని జిక్కించు పేరును వ్రాయరాదు.

ఆ చెఱలో గీయఁబడిన విమానము 1941 జనవరి 29వ తేదీని మొదటిసారి యెగిరెను. తరువాత దానికి టీయూ-2 అని పేరు గలిగెను. ఆ జూనులో జర్మనులు రష్యాపై దండెత్తఁగాఁ గార్యాలయ మంతయు సైబీరియాలోని ఓమ్స్కు నగరమునకుఁ దరలింపఁబడెను. జూలైలో టూపొలేవును విడుదలచేసిరి. విడుదలైన ఖైదీ తాను జెఱలో మొదలుపెట్టిన పనిని విడువలేదు. ఇంకను గోడలు లేవని కర్మాగారమున విమానములు కట్టించెను. తనకుఁ గీడుచేసిన ప్రభువులకును, తన్నుఁ గన్న దేశమునకును భేద మున్నదని యతఁడు తలంచెనేమో! మేము దాని నిశ్చయింపఁజాలము గాని, ఆ పని సాక్ష్యమిచ్చుచున్నది.

యుద్ధాంతమున నొక విచిత్రకార్య మితనిపైఁ బడెను. 1944లో జపానుపై బాంబులు వేసి తిరిగిపోలేక, అమెరికావారి బీ-29 విమానములు కొన్ని రష్యా తూర్పుతీరమున వ్లదివస్తోకు ప్రాంతమున దిగెను. స్టాలిను వానిని దిరిగి యీయక, అచ్చముగ నట్టివానినే చేయుమని టూపొలేవు నాజ్ఞాపించెను. ఒక విమానమును మర మరగా విడఁదీసి, ప్రతిముక్కను దూఁచి, కొలిచి, పటము గీసిరి. అమెరికావారి రేకుల మందము లంగుళముల లెక్కలోనివి; ఉదాహరణమునకు నంగుళములోఁ బదునాఱవవంతు 1.5875 మిల్లీమీటర్లగును. రష్యా కర్మాగారముల రేకులు మిల్లీమీటర్ల లెక్కలోనివి. కొంచెము మందము హెచ్చించిన విమానము బరువెక్కును; తగ్గించిన బలము చెడును. ఎచ్చట హెచ్చింపవలెనో, ఎచ్చటఁ దగ్గింపవలెనో మరల లెక్కించి నిర్ణయించుటకే మహాశ్రమ పట్టెను. ఆ ప్రతిరూపము 1947 మే 19వ తేదీని యెగిరెను. అనుకరణము సులభమని తలంచువారు దీనిని గ్రహింపవలెను. తెలియక యనుకరించుట సాధ్యము గాదు. తెలిసి యనుకరించువాఁడు దాని తరువాత స్వయముగఁ జేయఁగలఁడు.

ఆ శిక్షణనుండి పుట్టినదే టీయూ-95. రష్యానుండి అమెరికా వఱకుఁ బోయి తిరిగిరాఁగల విమానము కావలెనని ప్రభుత్వము కోరెను. నాఁటి జెట్టింజను లింధనమును విశేషముగఁ ద్రాగుటచేత నంతదూరము పోవఁజాలకుండెను. టూపొలేవు మధ్యేమార్గమును జూచెను. వేఁడివాయువులతోఁ జక్రమును ద్రిప్పి, ఆ చక్రముచేఁ బెద్ద ప్రొపెల్లరును ద్రిప్పించినచో వేగమును దక్కును, ఇంధనమును మిగులును. కుజ్నెత్సోవు యొక్క కర్మాగారము పట్టుకొని వచ్చిన జర్మను నిపుణుల తోడ్పాటుతో నట్టి యింజనును సిద్ధపఱచెను. ఒక ప్రొపెల్లరు అంత శక్తిని భరింపలేదు గావునఁ దిరుగుదిశలు వేఱైన రెండింటి నొకదాని వెనుక నొకటి యమర్చిరి. విశాఖలో మా పిల్లలు వేలు చూపి యడిగిన యెనిమిది ప్రొపెల్లరుల రహస్య మిది.

మొదటి టీయూ-95 విమానము 1952 నవంబరు 12వ తేదీని యెగిరెను. దానిని నడపిన అలెక్సేయి పెరెల్యోతు 1953 మే 11వ తేదీని యింజను నిప్పంటుకొనఁగా, సహచరులు గొడుగులతో దుముకుటకు వీలు కలుగునట్లు విమానమును బట్టియుండి తాను మరణించెను. యంత్రమున కయిన ఖర్చును రూపాయలతో లెక్కించువారు ఈ ఖర్చును గూడఁ గలుపుకొనవలెను.

ఇంకొక విషయమును మేము దాఁచరాదు. 1961 అక్టోబరు 30వ తేదీని, మార్పులు చేసిన యొక టీయూ-95 విమానమునుండి ఉత్తరసముద్రములోని నోవయా జెమ్ల్యా ద్వీపముపై, అంతవఱకును అటు తరువాతను మానవులు ప్రేల్చిన వానిలోఁ గెల్ల గొప్పదైన హైడ్రోజను బాంబును బరీక్షార్థము విడిచిరి. ప్రాణములను గాపాడుటకై పట్టిక వ్రాసిన చేతియే, సర్వనాశనమును మోయు ఱెక్కలను గీసెను. అతనిని దోషరహితుఁడని మేము చెప్పఁబోము. దోషియని తీర్పుచెప్పుటకును మాకు నాలుక రాదు. మిషను పాఠశాలలో సమాధానమును బోధించు మేము, ప్రజ్ఞ యొక్కటియే మనుష్యునికిఁ జాలదని మాత్రము విద్యార్థులకుఁ జెప్పుదుము. ప్రజ్ఞను దేనికి వినియోగింపవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యము లేని దేశమునఁ బ్రజ్ఞావంతునికిని గమ్ముల కిటికీయే గతి.

అయినను ఆ ఱెక్కలే మనుష్యులను గూడ మోసినవి. ఇతఁడు జెట్టింజనులతోఁ జేసిన టీయూ-104 ప్రయాణికవిమానము 1955లో నెగిరి, 1956 సెప్టెంబరు మొదలు ప్రయాణికులను గొనిపోయెను. టీయూ-95 ఱెక్కలతోఁ బుట్టిన టీయూ-114 మాస్కోనుండి ఢిల్లీకిని బయనములు చేసెను. శబ్దమును మించి పోవు టీయూ-144 ప్రయాణికవిమానము 1968 డిసెంబరు 31వ తేదీని, కాంకార్డుకంటె రెండు నెలలు ముందుగ నెగిరెను. కాని వ్యాపారమున జయింపలేదు.

ఆ 1968లోనే, జూను 18వ తేదీని, టీయూ-142 మొదటిసారి యెగిరెను. ఇది టీయూ-95 విమానమును సముద్రముపై దీర్ఘకాలము తిరిగి జలాంతర్గాములను వెదకుటకు మార్చిన రూపము. ఇది నీటిపైఁ దేలు గొట్టములవంటి పరికరములను జారవిడుచును. అవి నీటిలో నింజను చప్పుడును విని, రేడియో ద్వారా పైనున్న విమానమునకుఁ దెలుపును. మన జాలరులు తెడ్డుకొన నీటిలో ముంచి, రెండవకొనకుఁ జెవి యొగ్గినచో నీటిలోని చప్పుడు దూరమునుండియే వినవచ్చును గదా. ఉపాయము అట్టిదే, సాధనము వేఱు. టూపొలేవు 1972 డిసెంబరు 23వ తేదీని, 84 ఏండ్ల వయస్సున మరణించెను. అతని కొమారుఁడు అలెక్సేయి, తండ్రి చెఱపడిననాఁడు పండ్రెండేండ్లవాఁడైన యా బాలుఁడే, విమానశిల్పియై కార్యాలయమును నడపెను.

ఈ శిల్పి మరణించిన పదునాఱేండ్లకు, 1988లో, ఎనిమిది టీయూ-142 విమానములు మన నౌకాదళమునఁ జేరినవి. మొదట గోవాలోను, 1992 మొదలు అరక్కోణమునందలి రాజాళి స్థావరమునను నుండి, హిందూమహాసముద్రముపైఁ గావలి కాచినవి. ఆ దళము 29 సంవత్సరములలో 30,000 గంటలు ప్రమాదరహితముగ నెగిరెను. 2017 మార్చి 29వ తేదీని వానిని సేవనుండి విరమింపఁజేసిరి. వానిలో నొకటి ఏప్రిలు 8వ తేదీని తన ఱెక్కలతోఁ దానే యెగిరి విశాఖలోని నౌకాదళ విమానస్థావరమున దిగెను. అదియే దాని కడపటి ప్రయాణమనుకొన్నచోఁ బొరపాటు. స్థావరమునుండి సముద్రతీరమునకుఁ గల కొలఁదిదూరమే దానికిఁ గష్టతరమైన ప్రయాణ మయ్యెను.

ఏల యనఁగా, 50 మీటర్ల ఱెక్కలు సాధారణమైన నగరవీథిలోఁ బట్టవు. ఆకాశమున వేలమైళ్లు పోయినదానిని నేలపైఁ గొన్నిమైళ్లు తీసికొనిపోవుటకు ముక్కలు చేయవలసివచ్చెను. ఇట్టి పనిలో మొదట ఇంధనమును, నూనెలను వెడలింపవలెను. లేనిచో నగ్నిభయము గలదు. తరువాతఁ బ్రొపెల్లరులు, ఇంజనులు, ఱెక్కలు, తోఁక యను వరుసను విడఁదీయవలెను. ఏ మర యెచ్చటిదో గుర్తువేసి యుంచవలెను. విమానచర్మము రేకు గావున, బరువును మోయుటకుఁ గట్టఁబడిన యెముకలవంటి భాగములకే మోకులు దగిలించి యెత్తవలెను. వేఱుచోటఁ దగిలించినచో మన యూరి పూతరేకువలె నలిగిపోవును. కనుమనాఁడు జగ్గన్నతోఁటకుఁ బోవు ప్రభలను జూచిన కోనసీమవారి కీ పని వింతగాఁ దోఁపదు. అంతయెత్తు ప్రభను భుజములపై నెత్తి, వరిచేలమీఁదుగ, కాలువను దాఁటించునప్పుడు, ముందువాఁడు వంగినచో వెనుకవాఁ డెట్లుండవలెనో, త్రాడు పట్టినవాఁ డెంత బిగింపవలెనో తెలిసినవారికే యది సాధ్యము. బలముకంటెఁ బదిమంది పొందికయే ప్రధానము. విమానమును గూడ నట్లే భాగములుగఁ దీరమునకుఁ దెచ్చి, మరల జోడించి నిలిపిరి. 2017 డిసెంబరు 7వ తేదీని రాష్ట్రపతి రామనాథ కోవిందుగా రా ప్రదర్శనశాలను బ్రారంభించిరి.

అచ్చట నింజనును, ప్రొపెల్లరును, నీటిలో విను గొట్టములను, ప్రయాణవివరములను బదిలపఱచు పెట్టెను బ్రత్యేకముగ నుంచినారు. సందర్శకులు విమానగర్భములోనికిఁ బోయి చూడవచ్చును. ఇట్లు నిలుపుటతోఁ బని ముగియదు. సముద్రపుగాలిలోని యుప్పు అల్యూమినియపు మిశ్రలోహమును దినివేయును. రేకుల సందులలోఁ జేరి తెల్లనిపొడిగా మార్చును. ఎగురు విమానమునకుఁ బ్రతిదినము సేవచేయువా రుందురు. నిలిచిన విమానమునకు నంతకంటె నోర్పుగలవారు కావలెను. కడుగుట, రంగువేయుట, సందులను మూయుట మానినచో, శత్రువు చేయలేనిపని యుప్పుగాలి చేయును.

టూపొలేవు విమానములు ప్రపంచమునఁ బెక్కుచోట్ల నిట్లే విశ్రమించుచున్నవి. ధ్రువముమీఁదుగ నెగిరిన ఏఎన్‌టీ-25 ఓల్గాతీరమునఁ జ్‌కాలోవు స్వస్థలమునఁ బదిలముగ నున్నది. ఒక టీయూ-144 జలమార్గమునను రహదారిమీఁదను బయనించి 2001లో జర్మనీలోని జిన్‌స్‌హైం ప్రదర్శనశాలకుఁ జేరి, తన ప్రత్యర్థి యైన కాంకార్డుతోఁ గలసి మేడపై నిలిచియున్నది. మన ప్రాంతమున ధవళేశ్వరమునఁ గాటను దొరవారి ప్రదర్శనశాల గలదు. అక్కడి పాతయంత్రముల నెన్నిమాఱులో చూచితిమి. ఆనకట్టను దాఁటి వచ్చు నీటితో నన్నము తినుచున్నవార మగుటచేత, ఆ తుప్పుపట్టిన యినుమునకు వెనుక నొక మనుష్యుని, అతనితోఁ బనిచేసిన వేలకొలఁది కూలివారిని దలంచుకొనుట మనకు సహజము. విశాఖలోని విమానమును గూడ నట్లే చూడవలెనని మా కోరిక.

ఈసారి మా విద్యార్థు లక్కడికిఁ బోయినప్పుడు, పొడవును వెడల్పును వ్రాసికొనినపిదప, ఒక నిమిషము ఱెక్కక్రింద నిలువవలెను. ఆ రేకులను గలుపు మేకుల వరుసలను జూడవలెను. అట్టి వరుసలను గీయుట నేర్చినవాఁడు కమ్ముల కిటికీ వెనుక కూర్చుండి గీసెనని తలంచుకొనవలెను. నడపుచు మరణించిన పెరెల్యోతును, సముద్రముపై రాత్రులు మేల్కొని తిరిగిన మన నావికులను దలంచుకొనవలెను. ఆ చిన్నవాఁడు మరల దీనిని చేసినవాఁ డెవ్వఁడని యడిగినచో, ఈసారి మేము సమాధానము చెప్పఁగలము. దీనిని దేనికిఁ జేసిరని యడిగినచో మాత్రము, ఆ ప్రశ్నను వానికే విడిచి, పెద్దవాఁడైనపిదప తన చేతిపనితో సమాధానము చెప్పుమని కోరుదుము.